కన్నెదండకు మూడు ఆదివారాలు

మా ఎల్మర్‌డీన్ చర్చిలో ఉత్తరపు గోడకు పదకొండు కన్నెదండలు వేలాడుతున్నాయి. అన్నిటికన్నా చివరిది మా అక్కది. దాని కింద చిన్న చెక్కపలక మీద "డామరిస్ కింబర్, 19 ఏళ్లు, 1847" అని నల్లరంగుతో రాసి ఉంటుంది. ముప్పై ఏళ్లుగా ఆ చర్చి ఊడ్చేది నేనే. ఆ గోడ పక్కన ఊడ్చేటప్పుడు మాత్రం తల ఎత్తను.

పెళ్లికాని పిల్ల మచ్చ లేకుండా చనిపోతే మా ఊళ్లో దండ కడతారు. దండ అంటారు గానీ చూడటానికి కిరీటంలా ఉంటుంది. హేజెల్ చెట్టు పుల్లలు వంచి చట్రం కట్టి, నిండా తెల్లకాగితం పూలు గుచ్చి, చుట్టూ ఐదు కాగితపు చేతొడుగులు వేలాడదీస్తారు. ఆ చేతొడుగులు సవాలు. ఈ పిల్ల మీద మాట అనగలిగినవాళ్లు ఎవరైనా ఉంటే ముందుకు రండి అని. శవపేటిక ముందు ఇద్దరు ఆడపిల్లలు దాన్ని కర్రకు తగిలించి మోసుకొస్తారు. ఆ తర్వాత మూడు ఆదివారాలు, అందరూ చర్చిలోకి వచ్చే దారి మీద, చెయ్యెత్తితే అందేంత ఎత్తులో ఉంచుతారు. ఆ మూడు వారాల్లో ఎవరైనా లేచి అభ్యంతరం చెప్పొచ్చు. మూడో ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి గుమస్తా ఆఖరిసారి అడుగుతాడు. ఎవరూ లేవకపోతే దండ గోడ మీదికెక్కుతుంది. ఎక్కాక ఇక ఎవరూ దించకూడదు. దానంతటది చివికి రాలాల్సిందే.

నాకు తెలిసి అభ్యంతరం చెప్పడానికి లేచింది ఒక్కరే. మా అమ్మ.

అప్పటికి నాకు ఐదేళ్లు. పక్కింటి థర్జా పిన్ని కూతురు జెమైమా విషజ్వరంతో పోయింది. రెండో ఆదివారం నాడు పాద్రీగారు పుస్తకం మూయబోతుంటే మా అమ్మ లేచి, "ఈ పిల్ల గొర్రెలు తోలేవాడితో గడ్డివాములో ఉండగా నేను కళ్లారా చూశాను" అంది. దండ దించేశారు. చర్చి వెనక్కి తీసుకెళ్లి తగలబెట్టారు. కాగితమే కదా, రెప్పపాటులో అయిపోయింది. ఒక చేతొడుగు సగం కాలి గాలికెగిరితే, థర్జా పిన్ని సమాధుల మధ్య దాని వెంట పరుగెత్తింది. ఆమె పరుగెత్తడం నేను చూసింది ఆ ఒక్కసారే.

కొంచెం పెద్దయ్యాక అమ్మను అడిగాను. "నిజంగానే చూశావా?"

"చూశాను."

"చూడనట్టు ఊరుకోవచ్చుగా."

"దేవుడి ఇంట్లో అబద్ధం వేలాడుతుంటే ఎట్లా ఊరుకుంటానే?"

అమ్మ పాద్రీగారి తెల్ల అంగీలు ఉతికేది. చర్చి బలిపీఠం మీద పరిచే గుడ్డలు కూడా ఆమే ఉతకాలి. నాన్న బండి కింద పడి చనిపోయాక మా ముగ్గురికీ అన్నం పెట్టింది ఆ తెలుపే. ఒక అంగీ మీద ఇస్త్రీపెట్టె మసి చుక్క పడితే మళ్లీ మొదటినుంచి నానబెట్టేది. ఊళ్లో వాళ్లకు ఆమెంటే కొంచెం భయం. థర్జా పిన్నీ మేమూ ఒకే బావి నీళ్లు తోడుకునేవాళ్లం. జెమైమా దండ కాలిన రోజు నుంచి ఏడేళ్లపాటు ఆ ఇద్దరూ బావి దగ్గర ఒక్క మాట అనుకోలేదు. ఒకరు బొక్కెన ఎత్తి పక్కకు తప్పుకునేదాకా ఇంకొకరు గోడ వైపు చూస్తూ నిలబడేవాళ్లు.

మా ఊరికి అప్పటికి బడి రాలేదు. నేను చదువు నేర్చుకుంది చర్చి గుమస్తా స్పియరింగ్ బల్ల ఎదురుగా నిలబడి. ఆయన పుస్తకం తనవైపు పెట్టుకుని వేలు జరుపుతూ చదివేవాడు. నేను అవతలినుంచి చూసేదాన్ని. అందుకే నాకు అక్షరాలు ముందు తలకిందులుగా వచ్చాయి. "వచ్చిందమ్మా గబ్బిలం" అని ఎగతాళి చేసేవాడాయన. తర్వాత సమాధిరాళ్ల దగ్గర కూర్చుని వాటిని తిన్నగా నేర్చుకున్నాను. సుద్దగడ్డతో ఉతుకుడు బండ మీద రాసి, అమ్మ వచ్చేలోపు నీళ్లు పోసి చెరిపేసేదాన్ని.

అక్క డామరిస్ నాకన్నా ఏడేళ్లు పెద్దది. పదిహేడేళ్లప్పుడు అమ్మ దాన్ని కొండల అవతల లాంగ్‌హోల్ట్‌లో పనికి పంపింది. అక్కడికి పన్నెండు మైళ్లు. ఏడాది తిరక్కుండానే తిరిగొచ్చింది, చిక్కి సగమై, దగ్గుతో. వచ్చిన నెలకు బండివాడు ఒక ఉత్తరం తెచ్చిచ్చాడు. అక్క నన్ను ఉతుకుడు కొట్టు వెనక్కి లాక్కెళ్లింది.

"కెజీ, ఇది చదివిపెట్టు. గట్టిగా కాదు."

చదివాను. రాయించింది మిసెస్ జూప్ అనే ఆవిడ. 'పిల్ల బాగుంది. నువ్వు చెప్పినట్టే లెటిస్ అని పిలుస్తున్నాం. నువ్వు వెళ్లాక రెండు రోజులు ఏడ్చింది. ఇప్పుడు మా మేక పాలకు అలవాటు పడింది.'

నేను తలెత్తి చూస్తే అక్క నా పెదాల వైపే చూస్తోంది, ఇంకా ఏమన్నా ఉందేమోనని.

"అంతేనా?"

"అంతే. ఎవరక్కా లెటిస్?"

"నీకు మేనకోడలు," అంది. తర్వాత నా చెవి మెలిపెట్టింది. "నోరు జారావో, బావిలో వేస్తా."

తండ్రెవరో చెప్పలేదు. అడిగితే, "కోతలకొచ్చినవాడు కోతలయ్యాక పోయాడు" అని ఊరుకుంది. ఆ ఉత్తరాన్ని నాతో ఎన్నిసార్లు చదివించుకుందో లెక్కలేదు. చివరికి నాకు కాగితం చూడాల్సిన అవసరం లేకపోయింది, అయినా కాగితం చేతిలో పట్టుకునే చదవాలనేది. ఆ తర్వాత ఇంకో మూడు ఉత్తరాలు వచ్చాయి. పళ్లొచ్చాయి, నడుస్తోంది, మేకను 'అమ్మా' అంటోంది. మేక మాట విని అక్క నవ్వి నవ్వి దగ్గులో పడింది. చేతిగుడ్డ మీద నెత్తురు కనపడింది నాకు మొదటిసారి అప్పుడే.

ఫిబ్రవరిలో మంచం ఎక్కింది. ఒక మధ్యాహ్నం అమ్మ అంగీలు ఇవ్వడానికి పాద్రీగారింటికి వెళ్లినప్పుడు నన్ను దగ్గరికి పిలిచింది.

"నేను పోయాక అమ్మకు చెప్పు. లెటిస్‌ను ఇంటికి తెచ్చుకోండి."

"అమ్మ చంపేస్తుంది."

"అరుస్తుంది. ఒకటి అంటిస్తుంది. తర్వాత తెచ్చుకుంటుంది. నాకు తెలుసు అమ్మ సంగతి."

"అయితే నువ్వే చెప్పు."

"నేను పోయాక అయితే నన్ను కొట్టలేదుగా," అని నవ్వబోయింది. "మాటివ్వు కెజీ."

ఇచ్చాను. ఆ మంగళవారం పొద్దున వెళ్లిపోయింది.

చెబుదామనే వంటింట్లోకి వెళ్లాను. అమ్మ నేల మీద కూర్చుని ఉంది, చుట్టూ తెల్లకాగితాలు పరుచుకుని. ఏడవలేదు. కత్తెర మాత్రం ఆగకుండా ఆడుతోంది.

"రా, ఇట్లా కూర్చో. రేకులు మడత పెట్టు," అంది. "జెమైమా దండకు పన్నెండు పూలే పెట్టారు. మన పిల్లకు ముప్పై పెడదాం."

నేను కూర్చున్నాను. రేకులు మడిచాను. నోటిదాకా వచ్చిన మాట కత్తెర చప్పుడు వింటుంటే వెనక్కి పోయింది. కాసేపాగి చెబుదాం అనుకున్నాను. పూలయ్యాక. భోజనమయ్యాక. శుక్రవారం నాడు శవపేటిక ముందు ఆ దండ మోసిన ఇద్దరు పిల్లల్లో నేనొకదాన్ని. కర్ర తేలికే. నడుస్తుంటే కాగితపు చేతొడుగులు ఒకదాన్నొకటి తట్టుకునేవి.

మొదటి ఆదివారం అందరూ ఆ దండ కిందనుంచే లోపలికి వెళ్లారు. థర్జా పిన్ని ఆగింది. వేలితో ఒక చేతొడుగును మెల్లగా ఊపింది.

"చూడ్డమే థర్జా, తాకేది లేదు," అన్నాడు గుమస్తా స్పియరింగ్.

"కాగితం మంచి రకం," అంది ఆమె. "మావాళ్లకు ఇంత మంచిది దొరకలేదు."

అమ్మ ముందు వరసలో కూర్చుని ఉంది. వెనక్కి తిరగలేదు. మెడ మీద నరం లేవడం మాత్రం నాకు కనిపించింది.

ఆ బుధవారం బండివాడు నాకు ఉత్తరం ఇచ్చాడు. అక్క పేరుకే వచ్చింది, అక్క పోయిన సంగతి వాళ్లకు తెలీదు. మిసెస్ జూప్ రాయించింది ఇది. 'మేము కెనడా వెళ్లిపోతున్నాం. మా పాద్రీగారే ఓడకు పేర్లు రాయించారు. నాకూ నా మొగుడికీ మా నలుగురు పిల్లలకే చోటు ఉంది. లెటిస్‌ను ఎక్కించనివ్వరు. ఎక్కడ వదలమంటావో చెప్పు. నీ దగ్గరకే తీసుకురమ్మన్నా తెస్తాను.'

ఉతుకుడు కొట్టులో తలుపు వేసుకుని ఆలోచించాను. ఇప్పుడు చెబితే దండ పోతుంది. థర్జా పిన్ని కాచుకుని ఉంది. చెప్పకపోతే పిల్ల పోతుంది. అప్పుడు నాకొక తెలివైన ఆలోచన తట్టింది. దండ ఒకసారి గోడ మీదికెక్కితే ఇక ఎవరూ దించకూడదు కదా. అది ఎక్కాక సోమవారం నాడు పిల్లను తెచ్చుకుంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు? దండా ఉంటుంది, పిల్లా ఉంటుంది. ఆ తెలివికి నా అంతట నేనే మురిసిపోయాను. పన్నెండేళ్లు నాకు.

జవాబు రాశాను. అక్క పోయిందని రాశాను. 'ఇంకో రెండు ఆదివారాలు అవనివ్వండి. ఆ మర్నాడు సోమవారం కొండదారిలో మైలురాయి దగ్గర ఎదురుచూస్తాను. అంతకుముందు రావద్దు' అని రాసి కింద నా పేరు పెట్టాను. నేను పుట్టాక రాసిన మొదటి ఉత్తరం అది. అక్షరాలు బాగా కుదిరాయి.

రెండో ఆదివారం గడిచింది. ప్రార్థన మధ్యలో ఎవరో గొంతు సవరించుకుంటే వెనక్కి తిరిగి చూశాను. థర్జా పిన్ని లేవలేదు. ఇంటికొస్తూ అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆమె అరచెయ్యి చెమటతో తడిసి ఉంది. ఆమెకెందుకు చెమట పట్టిందో నేను అప్పుడు ఆలోచించలేదు.

మూడో ఆదివారం గంట మోగుతుండగా అందరం చర్చి ముంగిట ఉన్నాం. మార్చి గాలి, ఆడవాళ్లంతా టోపీలు పట్టుకుని నడుస్తున్నారు. గేటు దగ్గర ఒక కొత్త మనిషి నిలబడింది. బూట్ల నిండా సుద్దమట్టి, చంకలో బూడిదరంగు శాలువా చుట్టిన పిల్ల. అందరికన్నా చివర వస్తున్న థర్జా పిన్నిని ఆపి ఏదో అడుగుతోంది. నాకు మాట వినపడలేదు గానీ, థర్జా పిన్ని ఆ పిల్ల మొహంలోకి వంగి చూడటం కనిపించింది. చాలాసేపు చూసింది. తర్వాత ఆ మనిషి మోచెయ్యి పట్టుకుని తిన్నగా మా దగ్గరికి తీసుకొచ్చింది.

"హెస్టరూ," అంది మా అమ్మతో. ఏడేళ్లలో మొదటి మాట. "నీ కోసం లాంగ్‌హోల్ట్ నుంచి నడిచొచ్చారు, పాపం."

"డామరిస్ వాళ్లమ్మగారు మీరేనా?" అంది ఆ మనిషి. "జూప్ అంటారు నన్ను. ఓడ రోజు ముందుకు జరిగిందమ్మా. రేపు తెల్లారేసరికి మా బండి కదులుతుంది. సోమవారం అని రాశారు గానీ నావల్ల కాదు. అందుకే ఇట్లా ఆదివారమే..."

పిల్ల చేతిలో రొట్టెముక్క ఉంది. అంచు నమిలి నమిలి మెత్తగా చేసింది. గాలికి కళ్లు చికిలిస్తోంది, సరిగ్గా అక్క చికిలించినట్టే, ఒక కన్ను ఇంకోదానికన్నా ఎక్కువగా.

అమ్మ ఆ పిల్ల వైపు చూసింది. ఒక్క ప్రశ్న అడగలేదు. ఎవరు, ఏమిటి, ఏ డామరిస్ అని కూడా అడగలేదు.

"మీరెవరో నాకు తెలీదు," అంది. "ఎవరింటికో వెళ్లబోయి ఇటు వచ్చినట్టున్నారు."

"లేదమ్మా, ఉత్తరం రాశారుగా. కెజీయా అని కింద పేరుంది. ఈ పిల్లేనా?"

నా వైపు తిరిగింది. అమ్మ తిరగలేదు. థర్జా పిన్ని తిరిగింది.

"చెప్పవే కెజీ," అంది థర్జా పిన్ని, నెమ్మదిగా. "ఈ వీధిలో రాత వచ్చిన పిల్లవి నువ్వొక్కదానివే కదా. రాశావా?"

గంట ఆగింది. లోపల స్పియరింగ్ దగ్గు వినిపిస్తోంది. తలుపులోంచి చూస్తే దండ కనిపిస్తోంది, దాని కింద దారి ఖాళీగా.

"లేదు," అన్నాను. "నేను రాయలేదు."

మిసెస్ జూప్ నా మొహంలోకి చూసి ఇంకేం అడగలేదు. పిల్లను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. లోపలికొచ్చి చివరి బల్ల మీద కూర్చుంది, కాళ్లు నొప్పులేమో.

ఆ రోజు పాద్రీగారు ఏం చెప్పారో నాకు గుర్తు లేదు. వెనకనుంచి పిల్ల మధ్య మధ్య చిన్నగా ఏదో అంటోంది. ఒకసారి రొట్టె కింద పడితే ఏడ్చింది, ఎవరో తీసిచ్చారు. ఆఖరి పాట అయ్యాక స్పియరింగ్ పొడుగాటి కొక్కెంకర్ర పట్టుకుని దండ కిందికొచ్చి నిలబడ్డాడు.

"డామరిస్ కింబర్ దండకు ఇది మూడో ఆదివారం. ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పాలి."

థర్జా పిన్ని లేచింది.

అమ్మ కళ్లు మూసుకుంది. నాకు ఒక్కసారిగా ప్రాణం తేలికపడినట్టయింది, ఇది మాత్రం నిజం. ఆమె చెప్పేస్తే నేను చెప్పక్కర్లేదు. దండ పోతుంది, పిల్ల ఉంటుంది. చెప్పు, చెప్పు అని లోపల మొక్కుకున్నాను.

"నాకేం అభ్యంతరం లేదు," అంది థర్జా పిన్ని. "గట్టిగా కట్టు స్పియరింగూ. తొందరగా ఊడి పడకుండా."

కూర్చుంది. స్పియరింగ్ నిచ్చెన ఎక్కాడు.

బయటికొచ్చాక ఆమె అమ్మ పక్కగా వచ్చి ఆగింది. గొంతు పెంచలేదు. "నా పిల్లది కాలిపోయింది, ఒక్క పూటలో మరిచిపోయారు జనం. నీ పిల్లది ఉంటుంది హెస్టరూ. ప్రతి ఆదివారం వచ్చి చూసుకో," అని తన దారిన వెళ్లిపోయింది.

మిసెస్ జూప్ అప్పటికే కొండదారి పట్టింది. నేను పరుగెత్తి మైలురాయి దగ్గర అందుకున్నాను. ఆమె రాయి మీద కూర్చుని బూటులో గులకరాయి దులుపుకుంటోంది. పిల్ల గడ్డిలో నిలబడి ఉంది.

"ఇప్పుడొచ్చావా," అంది. "నువ్వేగా రాసింది."

తలూపాను.

"పోయి మీ అమ్మను ఒప్పించుకు రా. ఆ గొర్రెలు కొండ దిగి కిందికొచ్చేదాకా ఆగుతాను. అంతకుమించి ఆగలేనమ్మా. అక్కడ నా నలుగురూ మూటల మీద కూర్చుని ఉన్నారు."

"ఒప్పించకపోతే?"

"దారిలో పట్నం ఉందిగా. పేదలశాల గేటు దగ్గర దింపుతా. ఇంకేం చెయ్యను?"

పిల్ల నాకు రొట్టె చూపించింది. ఇవ్వలేదు, చూపించిందంతే. నేను వెనక్కి పరుగెత్తాను.

అమ్మ ఉతుకుడు కొట్టులో ఉంది. ఆదివారం పని ముట్టని మనిషి, పాద్రీగారి అంగీని తొట్టిలో ముంచి పిండుతోంది. నేను రొప్పుతూ అన్నీ చెప్పేశాను. లెటిస్ పేరు, ఉత్తరాలు, మేక, అక్కకిచ్చిన మాట. ఆమె పిండటం ఆపలేదు.

"నాకు తెలీదనుకున్నావా?" అంది. "దాని నడుము చూసి లాంగ్‌హోల్ట్‌కు పంపిందెవరనుకున్నావు?"

"మరి... తెలిసీ దండ ఎందుకు కట్టావు?"

"కట్టకపోతే ఎందుకు కట్టలేదని అడుగుతారు."

"పిల్లను తెచ్చుకుందాం అమ్మా. మైలురాయి దగ్గరే ఉంది. గొర్రెలు దిగేదాకా ఆగుతానంది. దండ పైకెక్కిందిగా, ఇంక ఎవరూ దించరు."

"దించరు. అందుకే తెచ్చుకోలేం," అంది అమ్మ. "ఆ పిల్ల మొహం చూశావా? దాని చెయ్యి పట్టుకుని ఆ దండ కిందనుంచి నడవమంటావా, ప్రతి ఆదివారం? జెమైమా తల్లి చూస్తుండగా?"

"పోనీ చర్చికి వెళ్లొద్దు."

అమ్మ నన్ను కొట్టింది. తడి చెయ్యి. తర్వాత అదే చేత్తో నా చెంప తుడిచింది. "వెళ్లు," అంది. ఎక్కడికి వెళ్లమందో చెప్పలేదు. నేను అక్కడే నిలబడ్డాను. చాలాసేపటికి బయటికొచ్చి కొండ వైపు చూస్తే గొర్రెలు దిగి గడ్డి మేస్తున్నాయి. దారి మీద ఎవరూ లేరు.

ఆ తర్వాత ఇంట్లో ఆ మాట లేదు. ప్రతి ఆదివారం అమ్మ అదే ముందు బల్ల మీద కూర్చునేది. జూన్‌లో ఒక రోజు చిన్న గౌను ఒకటి మడిచి నా చేతికిచ్చింది, అక్క చిన్నప్పటిది. మూట కట్టమని రెండు గుడ్డముక్కలు, కొంచెం పందికొవ్వు, రొట్టె ఇచ్చింది. "పట్నం పోయి చూసి రా," అంది. "ఇస్తామంటే..." అని ఆగిపోయింది.

పేదలశాలలో గుమస్తా నన్ను బల్ల ఇవతలే నిలబెట్టి పుస్తకం తిరగేశాడు. "మార్చిలో గేటు దగ్గర దొరికిన పిల్లలా? ఒక్కతే," అన్నాడు. అతను వెతికి చెప్పేలోపే, అవతలివైపు నుంచి నేను చదివేశాను. నాకు అది అలవాటే కదా. 'ఆడపిల్ల, ఏడాదిన్నర ఉండవచ్చు. పేరు తెలియదు. మేరీ మార్చ్ అని పేరు పెట్టడమైనది. మే 9, తట్టు, మృతి.'

"నీకేమవుతుంది?" అని అడిగాడతను.

"ఏమీ కాదు," అన్నాను. ఆ పిల్లను కాదనడం అది రెండోసారి.

ఇంటికొచ్చి చెబితే అమ్మ ఒకటే అడిగింది. "ఏం పేరు పెట్టారు?" చెప్పాను. గౌను తీసుకుని మళ్లీ పెట్టెలో పెట్టేసింది. అమ్మ ఇంకో పదకొండేళ్లు బతికింది. ఒక్క ఆదివారం మానలేదు. చివరి చలికాలంలో మాత్రం, "కెజీ, నన్ను ఆ స్తంభం వెనక కూర్చోబెట్టు, ఇక్కడ గాలి కొడుతోంది," అంది. స్తంభం వెనక కూర్చుంటే ఉత్తరపు గోడ కనపడదు.

నేను పట్నం నుంచి వచ్చిన మర్నాడు బావి దగ్గర థర్జా పిన్ని ఉంది. నా మొహం చూసి అడగకుండానే నా బొక్కెన తీసుకుని నీళ్లు తోడింది.

"పోయిందా?"

"తట్టు."

బొక్కెన గట్టు మీద పెట్టింది గానీ చెయ్యి తియ్యలేదు. "నేను తీసుకెళ్లాల్సింది," అంది. "నా ఇద్దరు పిల్లలూ చచ్చారు, ఒక్కదాన్నే ఉన్నా, ఇంట్లో చోటుంది. తట్టనే లేదే నాకు. ఆ రోజు నాకు పిల్ల కనపడలేదు కెజీ. మీ అమ్మ మొహమే కనపడింది." రవికలోంచి ఏదో తీసి నా చేతిలో పెట్టింది. జెమైమా చేతొడుగు, రెండు వేళ్లు కాలిపోయి ఉంది. "ఆ పిల్లను పూడ్చిన చోట దీన్ని పెట్టిరా."

వెళ్లాను. పేదలశాల వెనక పొలంలో మట్టిదిబ్బలు వరసగా ఉన్నాయి, ఒక్కదానికీ పేరు లేదు. ఏది దానిదో తెలీక తిరిగి తెచ్చేశాను. ఇప్పటికీ నా ప్రార్థన పుస్తకంలోనే ఉంది.

నిరుడు మా ఊరికి కొత్త పాద్రీగారు వచ్చారు, లిడియార్డ్ గారు. చిన్నవాడు, మంచివాడు. పాత వస్తువులంటే ప్రాణం. ఈ ఊరి చరిత్ర రాస్తున్నారు. దండలు చూడటానికి ఎక్కడెక్కడినుంచో మనుషులను పిలిపిస్తున్నారు. "మిస్ కింబర్, మీ అక్కగారిది అన్నిటికన్నా అందమైనది. ముప్పై పూలు లెక్కపెట్టాను," అన్నారు.

చీపురు పక్కన పెట్టి, ఆ గోడ కిందే నిలబడి ఆయనకు అంతా చెప్పాను. చెప్పి, "నాకు అభ్యంతరం ఉందయ్యా. దాన్ని దించండి," అన్నాను.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఆ మూడు ఆదివారాలు ఎప్పుడో అయిపోయాయి కదమ్మా," అన్నారు చివరికి. "మీరే చెప్పారు, పైకెక్కాక దించకూడదని. పుస్తకంలో పేరూ సంవత్సరమే రాస్తాలెండి. ఎవరికీ చెప్పను."

చెప్పమనే నేను అడిగింది.

వెళ్తూ వెళ్తూ నన్ను సంతోషపెట్టాలనుకున్నారేమో, "ఈ ఆచారం ఆగిపోయింది. మీరు పెళ్లి చేసుకోలేదు, జన్మంతా ఈ చర్చికి సేవ చేశారు. రేపు మీకొక దండ కట్టించే భాగ్యం మాకుండాలి," అన్నారు. ఆయన ఆ మాట మరిచిపోరు. గుమస్తాతో హేజెల్ పుల్లల సంగతి అప్పుడే మాట్లాడుతున్నారు.

అందుకే ఇది రాసి ప్రార్థన పుస్తకంలో చేతొడుగు పక్కన పెడుతున్నాను. నాకు దండ కడితే, మొదటి ఆదివారమే ఎవరో ఒకరు లేచి దీన్ని చదవాలి. మూడోదాకా ఆగొద్దు. ఆ పిల్ల పేరు మేరీ మార్చ్ కాదు, లెటిస్ కింబర్. డామరిస్ కూతురు. మా ఇంటికని పన్నెండు మైళ్లు వచ్చింది. మైలురాయి దగ్గర నాకు రొట్టె చూపించింది.